సాదా అక్షరం పక్షాన

“ఇవి అక్షరాలా బిడ్డా? ఇనుపతీగ వంచి పెట్టినట్టున్నాయి. మందం లేదు, సన్నం లేదు. జీవం ఏది?”

నకిరేకల్ దగ్గరి ఒక ఊళ్లో గ్రంథాలయానికి బోర్డు చేయించడానికి వచ్చిన పెద్దాయన, కంప్యూటర్ తెర మీద నేను చూపించిన నమూనా చూసి అన్న మాట ఇది. ఆయన తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరున్న మా డీటీపీ సెంటరుకు వచ్చేవాళ్లలో చాలామంది ఆయన్ను చూస్తే లేచి నమస్కారం పెడతారు. అంతటి మనిషి అన్న మాటను తేలిగ్గా తీసుకోలేం. పైగా అది ఆయన ఒక్కరి మాట కాదు. పెళ్లి పత్రిక ప్రూఫ్ చూసేవాళ్లు, సొంత డబ్బుతో పుస్తకం వేయించుకునే కవులు, చివరికి మా దగ్గర పనిచేసే అబ్బాయి కూడా సాదా ఫాంటు చూడగానే “బోసిగా ఉంది” అంటారు.

నేను ఎదుటి పక్షంలో ఉన్నాను. బోర్డు, నోటీసు, రసీదు, మందుల చీటీ, ఓటరు జాబితా ఇలా మనిషి నిలబడి, తొందరలో, పక్కవాళ్లను అడగకుండా చదువుకోవలసిన ప్రతిచోటా అలంకారం లేని, గీత అంతా ఒకే మందంలో నడిచే అక్షరమే వాడాలని నా గట్టి నమ్మకం. సార్‌తో ఆరోజు మాట్లాడింది కొంతే. ఆయన అన్నదాంట్లో నేను తోసిపుచ్చలేనిది కూడా ఉంది కాబట్టి, వివరంగా రాయాలనిపించింది.

గంటం గీసిన గీత

సార్ వాదనకు బలం ఎక్కడుందంటే, మందం సన్నం కలిసిన అక్షరం మనది, ఒకే మందం అక్షరం పరాయిది అన్న నమ్మకంలో. ఇంగ్లిషువాళ్ల సాన్స్ సెరిఫ్ మోజు తెలుగుకు అంటిందని ఆయన బాధ. ఇంగ్లిషు అక్షరాల కొసల్లో చిన్న ముక్కులు ఉంటాయి, వాటిని తీసేస్తే సాన్స్ సెరిఫ్. మన అక్షరాలకు ఆ ముక్కులు మొదటినుంచీ లేవు. తెలుగులో ఆ పేరుతో మనం మాట్లాడుకునేదంతా గీత లావు గురించే. మొదలు నుంచి కొస దాకా ఒకే లావున సాగుతుందా, వంపులో లావెక్కి మలుపులో సన్నబడుతుందా అన్నదే తేడా.

అలా చూస్తే ఏది పాతది, ఏది కొత్తది? తాటాకు మీద రాసినవాళ్ల చేతిలో ఉన్నది గంటం. ఇనుప మొన అది, ఎటు తిప్పినా ఒకే గాడి పడుతుంది. ఆ గాడిలో మసి రుద్దితే అక్షరం పైకి కనిపిస్తుంది. ఈనె వెంబడి తిన్నగా గీస్తే ఆకు చీలుతుందనే మన అక్షరాలు ఇంత గుండ్రంగా తిరిగాయని అంటారు. ఆ మాట ఎలా ఉన్నా, తాటాకు ప్రతుల్ని దగ్గరగా చూసినవాళ్లకు ఒకటి తెలుసు. అందులో లావు వంపులు, సన్న మలుపులు ఉండవు. కావ్యాలు, వైద్యగ్రంథాలు, ఊరి లెక్కలు అన్నీ ఆ ఒకే మందం గీతలోనే శతాబ్దాల పాటు నడిచాయి.

అంత దూరం వెళ్లక్కర్లేదు. నల్లగొండ పక్కనే పానగల్లు ఉంది. కందూరు చోడుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోని మ్యూజియంలో శాసనపు రాళ్లున్నాయి. అక్కడి లిపి ఇప్పటి మన కంటికి వెంటనే అందదు, తెలుగు కన్నడాలు ఇంకా ఒకే లిపిని పంచుకుంటున్న కాలపు అక్షరాలవి. చదవలేకపోయినా ఉలి తీసిన గాడిని గమనించండి. రాతి మీద వెంట్రుకవాసి గీత నిలవదని ఆ చెక్కినవాళ్లకు తెలుసు.

మందం సన్నం తేడా మనకు కాగితం మీద కలంతో వచ్చింది, సీసపు అచ్చుతో స్థిరపడింది. 19వ శతాబ్దంలో మద్రాసు ముద్రణాలయాలు పోసిన అక్షరాలను చూసి చూసి అదే తెలుగు ముఖమని అలవాటు పడ్డాం. పాఠ్యపుస్తకాలు, పంచాంగాలు, వార్తాపత్రికలు ఆ ముఖంతోనే మన ఇళ్లలోకి వచ్చాయి. ఆ అచ్చు మీద నాకు ప్రేమ ఉంది. కాని దాన్ని అనాది అనడం, గంటం గీతను అరువు సొమ్ము అనడం చరిత్రను తలకిందులు చేయడమే.

పాతది కాబట్టి మంచిదని నేను అనడం లేదు. వయసే కొలత అయితే మనం బ్రాహ్మీలో రాసుకోవాలి. ఒకే మందం గీత తెలుగుకు పరాయిది కాదని మాత్రమే చెబుతున్నాను. మంచిదా కాదా అన్నది వాడకంలో తేలాలి.

జిరాక్స్ తీసిన జిరాక్స్

మా దుకాణానికి వచ్చే కాగితాల్లో అసలు ప్రతి ఎప్పుడో గాని ఉండదు. పట్టాదారు పాస్‌పుస్తకం నకలు, పింఛను దరఖాస్తు, ఓటరు జాబితాలో పేరున్న పేజీ, కోర్టు నోటీసు అన్నీ జిరాక్స్ తీసిన జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్‌లు. ఆ యంత్రం ముందుగా తినేసేది సన్న గీతనే. మందం సన్నం ఉన్న ఫాంటులో వంపుల లావు భాగాలు మిగిలి, వాటిని కలిపే సన్న భాగాలు తెగిపోతాయి. అక్షరం రెండు మూడు ముక్కలుగా విడిపోతుంది. ఒకే మందం గీత అంతటా సమానంగా వెలుస్తుంది. బూడిదరంగులోకి దిగినా ఆకారం చెడదు.

ఇప్పుడు జిరాక్స్ చేసే పనే వాట్సాప్ కూడా చేస్తోంది. మా అత్తగారి ఊరు మక్తల్ వైపు. పాలమూరు నుంచి పనికి పుణె, ముంబయి వెళ్లిన కుటుంబాలు ఆ చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఊరి పంచాయతీ గోడ మీద అంటించిన కాగితాన్ని ఎవరో ఫోటో తీస్తారు, అది ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పుణె చేరుతుంది. చేతులు మారినప్పుడల్లా బొమ్మ పలచబడుతుంది. ఒకసారి మా మరిది ఫోను చేసి, “వదినా, దీంట్లో గడువు ఏ నెల వరకో తెలియడం లేదు, చదివి చెప్పు” అన్నాడు. నాకు పంపిన ఫోటోలో అంకెలు స్పష్టంగానే ఉన్నాయి, నెల పేరు మాత్రం నల్లటి చుక్కల వరుసగా మారింది. కాగితం తయారుచేసినవాళ్లు గంభీరంగా ఉండాలని కాబోలు, సన్న మలుపుల పాత ఫాంటు వాడి దానికి బోల్డ్ పెట్టారు. లావు భాగాలు ఉబ్బి అక్షరాల కడుపులు పూడిపోయాయి. నేను ఊళ్లో ఉన్న మామయ్యతో మాట్లాడి, అసలు కాగితం చదివించుకుని, అదే విషయాన్ని సాదా ఫాంటులో మళ్లీ కొట్టి పంపాను. ఆ రెండో బొమ్మ ఊరి వాళ్లందరి ఫోన్లలో తిరిగి తిరిగి మళ్లీ నాకే వచ్చింది. అప్పటికీ చదవగలిగేలా ఉంది.

ఇక రేడియం పని. వినైల్ షీటును యంత్రంతో కోసి అంటించే అక్షరాలను మా దగ్గర అందరూ రేడియం అనే అంటారు. 2016 అక్టోబరు 11న జిల్లాలు 10 నుంచి 31 అయినప్పుడు నల్లగొండ మూడు జిల్లాలైంది, మహబూబ్‌నగర్ నాలుగైంది, తర్వాత 2019లో నారాయణపేట విడిపోయింది. ప్రతి ఆఫీసుకూ ప్రతి బడికీ జిల్లా పేరు మార్చి కొత్త బోర్డులు కావలసి వచ్చాయి. ఆ రోజుల్లో రాత్రీపగలూ రేడియం కోశాం. కోసిన షీటు నుంచి అక్కర్లేని భాగాన్ని ఊడదీస్తున్నప్పుడు చేతికి ముందు తగిలేది సన్న గీతే, అక్కడే చిరుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు విడి ముక్కలది. పకారం మీద తలకట్టు ఒంటికి అంటుకోదు, విడిగా ఉంటుంది. ఠకారం కడుపులో చుక్క కూడా అంతే. సన్న ఫాంటులో ఆ చుక్క గోరంత కూడా ఉండదు. ఒక వేసవి ఎండకు జిగురు వదిలి రాలిపోతుంది. చుక్క రాలితే ఠ కాస్తా ర అవుతుంది. ‘పారశాల’ అని రాసి ఉన్న బడి బోర్డును నేను నా కళ్లతో చూశాను. దాని కిందే నిలబడి ఒకటో తరగతి పిల్లలు ప్రార్థన చేస్తున్నారు. చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు బడి పేరే తప్పుగా కనబడటం నాకు చాలా బాధ కలిగించింది.

ఈ సంగతి పాత పెయింటర్లకు ఎప్పుడో తెలుసు. ఆర్టీసీ బస్సు బోర్డులు, గోడల మీద ఎరువుల ప్రకటనలు రాసిన ఒక పెద్ద వయసు పెయింటర్‌ను, అన్ని అక్షరాలూ ఒకే లావున ఎందుకు రాసేవాడివని అడిగాను. “బస్సు దూరం నుంచి వస్తుంటే సన్న గీత కనబడదమ్మా. దేవరకొండ బస్సని మూట ఎత్తుకునే లోపల తెలియాలి కదా” అన్నాడు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల బోరింగుల దగ్గర ‘ఈ నీరు తాగరాదు’ అని ఎర్ర రంగుతో రాసిన అక్షరాలు నాకు ఇంకా గుర్తున్నాయి. లావుగా, మొరటుగా, ఒకే మందంలో ఉండేవి. ఆ రాత చదవలేకపోతే ఎముకలు వంగిపోతాయి. అక్కడ సొగసు కోసం గీతను సన్నబరచాలని ఎవరికి తోస్తుంది?

నోరు తెరిచిన అక్షరం

అలాగని గీత ఒకే మందంలో ఉంటే చాలదు. సాదా ఫాంట్లలోనూ చదివించేవి, చదివించనివి ఉన్నాయి. ఆ తేడా ఇంగ్లిషు ఫాంట్ల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

స్విట్జర్లాండులో అచ్చు అక్షరాలు పోసే హాస్ ఫౌండ్రీ కోసం మాక్స్ మీడింగర్ 1957లో గీసిన నోయె హాస్ గ్రోటెస్క్ 1960లో హెల్వెటికాగా పేరు మార్చుకుని ప్రపంచమంతా పాకింది. దాని అందానికి వంక పెట్టలేం. గీతల కొసలు కచ్చితంగా అడ్డంగా తెగుతాయి. చిన్నబడి సి, ఇ అక్షరాల నోళ్లు దాదాపు మూసుకుని ఉంటాయి. దగ్గరగా చూస్తే ఎంతో నిండుగా ఉంటుంది గాని, దూరం పెరిగేకొద్దీ ఆ నోళ్లు పూడి, సి, ఇ, ఓ ఒకే రకం సున్నాలవుతాయి. 1970లలో పారిస్ శివారు రోయిసీలో చార్లెస్ ద గాల్ విమానాశ్రయానికి దారి చూపే బోర్డులు కావలసి వచ్చినప్పుడు ఏడ్రియన్ ఫ్రుటిగర్ అక్షరాల నోళ్లు బాగా తెరిచి పెట్టాడు. నడుస్తూ చూసినా, పక్కనుంచి చూసినా ఏ అక్షరమో తెలియాలన్నది ఆయన లెక్క. అదే 1976లో ఫ్రుటిగర్ పేరుతో ఫాంటుగా విడుదలైంది. రెండూ సాన్స్ సెరిఫే. దారి వెతుక్కునే మనిషికి మాత్రం రెండోదే మేలు.

తెలుగులో అలా తెరిచి ఉంచవలసిన చోట్లు ఏవి? ప, వ తీసుకోండి. ఒంటికీ తలకట్టుకూ మధ్య సందు ఉంటే ప, లేకపోతే వ. అక్షరం గుర్తింపంతా ఆ కాస్త సందులోనే ఉంది. ముఖ్యంగా చిన్న సైజులో, లావు ఫాంటులో అది పూడిపోతే చదివేవాడు ఊహ మీద ఆధారపడాలి. ‘పాలు’ అనే మాటను సందర్భాన్ని బట్టి పట్టుకోవచ్చు, ఇంటిపేరును ఎలా పట్టుకుంటాం? ఓటరు జాబితాలో పకారం వకారంగా కనబడితే ఆ మనిషి తన పేరు అందులో లేదనుకుని వెనక్కి వెళ్లిపోవచ్చు. ధకూ థకూ మధ్య చుక్క, డకూ ఢకూ మధ్య కింది గీత, ప మీద తలకట్టు పక్కన సందు. వీటిని పెద్దవిగా, విడివిడిగా ఉంచే ఫాంటే తెలుగుకు మంచి సాదా ఫాంటు. ఇంగ్లిషు అక్షరాల పక్కన ఒద్దికగా కనబడాలని మన వంపులను చదును చేసి, తలకట్టును గీతలో కలిపేసి, వత్తులను నలిపేసే ఫాంటు ఎంత సొగసుగా ఉన్నా నాకు అక్కర్లేదు.

వత్తుల దగ్గరే ఆధునికత తడబడుతుంది. ఇంగ్లిషుకు ఒక వరుస ఎత్తు చాలు. మనకు పైన గుడులు, కొమ్ములు, కింద వత్తులు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. ఫోను తెర మీద మీటకు ఇచ్చే ఎత్తు ఇంగ్లిషు కొలతది. అందుకే గూగుల్ నోటో సాన్స్ తెలుగులో నిలువు కొలతలు కుదించిన యూఐ రూపాన్ని, అంటే తెర మీది మీటల్లో పట్టే రూపాన్ని, కూడా వేరుగా తయారు చేశారు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కాని అక్షరాన్ని పెట్టెకు సరిపడా నొక్కడం కంటే పెట్టెను కాస్త పొడవు చేయడం న్యాయం. తెలుగు కూర్పు అంటే యంత్రాలకు ఇప్పటికీ తేలిక పని కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను కూర్చబోయి ఐఫోన్లు ఆగిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అయినా ఈ పదేళ్లలో వచ్చిన మార్పు చిన్నది కాదు. విండోస్‌లో గౌతమి ఒక్కటే దిక్కుగా ఉన్న రోజుల నుంచి వచ్చినదాన్ని నేను. ఇండియన్ టైప్ ఫౌండ్రీ వారి హింద్ గుంటూరు ఐదు లావుల్లో దొరుకుతుంది. రసీదులకు, పట్టికలకు నేను దాన్నే వాడతాను. పక్కపక్కన పెడితే తెలుగు చిన్నగా, ఇంగ్లిషు పెద్దగా కనబడే బాధ అందులో లేదు. బోర్డులకు ఎక్ టైప్ వారి అనేక్ తెలుగు. దాని లావునూ వెడల్పునూ విడివిడిగా మార్చుకోవచ్చు. ఆ వెడల్పు విషయం ఎంత అవసరమో ఫ్లెక్సీ షాపులో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. ‘జోగులాంబ గద్వాల’, ‘యాదాద్రి భువనగిరి’ వంటి పొడుగు పేర్లు బోర్డులో పట్టకపోతే కుర్రవాళ్లు అక్షరాలను మౌసుతో పట్టుకుని పక్క నుంచి నొక్కేస్తారు. నిలువు గీతలు సన్నబడి, అడ్డ గీతలు లావుగానే ఉండిపోతాయి. ఎంత మంచి ఫాంటయినా ఆ నొక్కుడుకు పాడవుతుంది. వెడల్పు తగ్గినా గీత లావు చెడకుండా గీసిపెట్టిన ఫాంటు చేతిలో ఉండగా ఆ పని చేయవలసిన అవసరమే లేదు.

హైదరాబాదు నుంచి విజయవాడ రహదారి మీద వచ్చేవాళ్లు నల్లగొండకు నార్కట్‌పల్లి దగ్గర తిరగాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. నకిరేకల్, నార్కట్‌పల్లి, నల్లగొండ మూడూ నకారంతోనే మొదలవుతాయి. మొదటి అక్షరం పనికిరాదు, పేరు మొత్తం ఆకారం చూసే పోల్చుకోవాలి. నల్లగొండకు లవత్తు, నార్కట్‌పల్లికి కకారపు వత్తు, లవత్తు. వత్తులు కిందికి స్వేచ్ఛగా దిగితేనే ఆ ఆకారాలు వేరుపడతాయి. అంత వేగంలో డ్రైవరుకు అందే గుర్తు అదొక్కటే.

సార్ పక్కన ఉన్న న్యాయం

జీవం గురించి ఆయన అడిగిన ప్రశ్నను నేను దాటవేయలేను. లావు సన్నాల గీతలో రాసిన చేయి కనిపిస్తుంది. కలం ఎక్కడ ఆనింది, ఎక్కడ తేలింది అన్నది అక్షరంలో మిగిలిపోతుంది. నవలో, జీవితచరిత్రో చదువుతూ గంటల తరబడి కూర్చునేవాళ్లకు అది తోడు. ఒకే మందం గీతతో నిండిన పేజీ అంతా ఒకే వన్నెలో ఉండి, పంక్తి మారేటప్పుడు నా కన్నే తప్పిపోతుంది. అందుకే మా దగ్గరికి పుస్తకాలు వస్తే నేను సాదా ఫాంటు ప్రతిపాదించను. టిరో తెలుగు వంటి ఫాంట్లు పాత సీసపు అచ్చులోని మంచిని కాపాడి పెట్టాయి, పుస్తకాలకు అవే ఉండాలి.

మన ప్రాంతంలో అచ్చుకు ఉన్న గౌరవం కూడా మామూలుది కాదు. నిజాం పాలనలో తెలుగుకు చోటు దొరకడమే కష్టమైన కాలంలో, 1922లో, ఇదే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి 1934లో జవాబు చెప్పారు. ఆ పోరాటమంతా సీసపు అక్షరాలతోనే జరిగింది. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లలో ఒకదానికి సురవరం అని పేరు. మందం సన్నం ఉన్న ఆ ఫాంటును శీర్షికల్లో చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. ఈ చరిత్ర తెలిసినవాళ్లు సాదా అక్షరాన్ని చూసి ఏదో పోతోందని దిగులుపడితే, ఆ దిగులుకు అర్థముంది.

ఇంకొక అభ్యంతరం నన్ను ఎక్కువగా వేధిస్తుంది. అన్ని ఊళ్ల బోర్డులూ ఒకే నాలుగు ఫాంట్లలోకి వస్తే, ఒకప్పుడు పెయింటర్ చేతిరాతను బట్టి ఇది మిర్యాలగూడ అని, ఇది వనపర్తి అని పోల్చుకోగలిగిన తేడా మాయమవుతుంది. చాలావరకు మాయమైంది కూడా. అయితే దాన్ని చంపింది సాదా ఫాంటు కాదు, ఫ్లెక్సీ. నీడలు, బంగారు అంచులు, మెరుపులు కలిపిన ఫ్లెక్సీ అక్షరాలు వచ్చిన రోజే పెయింటర్లు బ్రష్షు పక్కన పెట్టారు. వాళ్ల రాతను ఎవరైనా ఓపికగా సేకరించి ఫాంటుగా మలిస్తే మొదట కొనేది నేనే. ఆ ఫాంటు చాలావరకు ఒకే మందంలోనే ఉంటుందని కూడా నాకు తెలుసు.

అలవాటు సంగతి ఉండనే ఉంది. సార్‌కు సీసపు అచ్చు సహజం. మా అమ్మాయి తెలుగు చదివేది ఎక్కువగా ఫోనులోనే, అక్కడ దానికి కనబడేది నోటో వంటి సాదా అక్షరమే. పాత పుస్తకం చేతికిస్తే “అక్షరాలు వంకరగా ఉన్నాయేమిటమ్మా” అంటుంది. ఇద్దరికీ తాము పెరిగిన అక్షరమే మామూలుది. కాబట్టి ఏది సహజమన్న తగువుతో బోర్డులు తయారు కావు. ఎవరు, ఎంత దూరం నుంచి, ఏ వెలుతురులో చదువుతారన్నది చూడాలి.

ఫాంటు ఒక్కటే చాలదు

ఇక నా వాదనకే అడ్డు తగిలే సంగతి ఒకటి చెప్పాలి. మహిళా సంఘం సమావేశాల కాగితాలు మేమే కొడతాం. వయసు మీరాక అక్షరాలు నేర్చుకున్న ఒకావిడ అప్పుల పట్టికను వేలు పెట్టి చదువుతుంటే పక్కన కూర్చుని చూశాను. సాదా ఫాంటులోనే ఉంది ఆ కాగితం. అయినా ఆమె వేలు ‘వాయిదా’ దగ్గర ఆగలేదు, ‘మొత్తం’ దగ్గర ఆగింది, ‘చెల్లించవలసిన’ దగ్గర ఆగింది. కారణం వెతికితే, కాగితం మిగల్చడానికి వరుసల మధ్య ఎడం తగ్గించారు. పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతోంది. ఎడం పెంచి, అక్షరం ఒక పాయింటు పెద్దది చేసి ఇస్తే ఆమె ఆగకుండా చదివింది. ఫాంటు మార్చనే లేదు. మంచి సాదా ఫాంటును ఇరుకులో కుక్కడం కంటే మామూలు ఫాంటును విశాలంగా పరచడం మేలని ఇప్పుడు ఎవరు అడిగినా చెబుతున్నాను.

మా వృత్తిలో ఉన్న ఇంకో అడ్డంకి, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లో తప్ప తెలుగుగా కనబడని పాత అను ఫాంట్లు. జిల్లాల్లో డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్, అను మీదే నడుస్తున్నాయి. ఆపరేటర్ల వేళ్లు ఆ కీబోర్డుకు అలవాటు పడ్డాయి, పని వేగంగా సాగుతుంది, వాళ్లను తప్పుపట్టను. కాని అలా కొట్టిన నోటీసును ఫోనులో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. అందుకే దాన్ని ఫోటోగా పంపుతారు, ఫోటో మసకబారుతుంది, కళ్లు కనబడనివాళ్లకు ఫోను చదివి వినిపించలేదు. ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనబడే యూనికోడ్ పద్ధతిలో ఉన్న సాదా ఫాంటుతో అదే నోటీసు అక్షరాలుగానే వెళ్తుంది, చదివేవాళ్లు తమకు కావలసినంత పెద్దది చేసుకోవచ్చు. మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నా అవి మా వీధిలోని దుకాణాలకు చేరకపోవడానికి ఈ మార్పిడి కష్టమే ప్రధాన కారణం. ప్రభుత్వ కార్యాలయాలు యూనికోడ్‌లో ఇస్తేనే తీసుకుంటామని గట్టిగా అంటే మా వాళ్లు నెల తిరక్కుండా నేర్చుకుంటారు. కడుపు నింపే పని కదా.

బోర్డో నోటీసో చేయించుకునేవాళ్లు ఫాంటును తెర మీద చూసి మెచ్చుకోవద్దు. ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అని కొట్టించండి. పకారపు సందు, షకారం, థకారపు చుక్క, ఠకారపు చుక్క అన్నీ అందులోనే ఉన్నాయి. 9 పాయింట్లలో అచ్చు తీయించి, దానికి జిరాక్స్, ఆ జిరాక్స్‌కు జిరాక్స్ తీయించండి. ఫోటో తీసి నలుగురి వాట్సాప్‌ల మీదుగా తిప్పి వెనక్కి తెప్పించుకోండి. ఇంట్లో కళ్లద్దాలు వాడే పెద్దవాళ్లకు అద్దాలు తీయించి చూపించండి. ప వకారంగా, ఠ రకారంగా చదివితే, ఆ ఫాంటు ఎంత ముచ్చటగా ఉన్నా మీ డీటీపీ ఆయనతో వేరేది పెట్టమని చెప్పండి.